ఏడు గుంటలు

ఆ గదిలో డ్రిల్లు ఆగిందంటే ఎవరో వచ్చారని అర్థం. లేకపోతే పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా అది గుయ్యిమంటూనే ఉంటుంది. పళ్ల డాక్టర్లు వాడే డ్రిల్లే అది. దాని ముల్లు బియ్యపుగింజ మొనంత ఉంటుంది. దాంతో ఆవిడ రాళ్లకి గుంటలు పెట్టి పొడి తీస్తుంది. అందుకే గేటు దగ్గర వాచ్‌మన్ మొదలు పై అంతస్తులో పెద్దసారు దాకా ఆవిణ్ని అందరూ డాక్టరమ్మ అంటారు. రాళ్లమీద పరిశోధనలు జరిగే ఆ భవనంలో నిజం డాక్టరేట్లు ముప్పైమంది దాకా ఉన్నారు గానీ, డాక్టరమ్మ అంటే మాత్రం ఆవిడొక్కతే. ఇంట్లో అత్తగారైతే "మా కోడలు రాళ్లకి పళ్లు పీకుతుంది" అని ఇరుగుపొరుగుతో చెప్పుకుంటుంది. అది గొప్పకో వెక్కిరింతకో ఇన్నేళ్లయినా తేలలేదు.

ఆ మంగళవారం మాత్రం ఎవరూ రాలేదు. పక్కగదిలో మాటలు వినబడాలని డాక్టరమ్మే డ్రిల్లు ఆపింది.

పక్కగదిలో పెద్దసారూ, కొత్తమ్మాయీ కిటికీ అద్దానికి రెండు ట్రేసింగ్ కాగితాలు ఆనించి నిలబడ్డారు. కొత్తమ్మాయి కొత్తదేం కాదు. పరిశోధనలో చేరి నాలుగేళ్లవుతోంది. ఆ తరవాత ఇంకెవరూ చేరకపోవడంతో ఆ పేరు అలా ఉండిపోయింది. ఒక కాగితం మీద ఉన్నది క్వారీ కొండ గీత, పంతొమ్మిదేళ్ల కిందట పెద్దసారు గీసింది. రెండో కాగితం మీద ఉన్నది ఏటి ఒడ్డున బోరు వేసి తీసిన రాళ్ల గీత, ఈ అమ్మాయిది. రెండు చోట్లకీ మధ్య నూట ముప్పై కిలోమీటర్లు. రెండు చోట్లా సున్నపురాయే, అరవై కోట్ల ఏళ్ల నాడు సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకున్నది. ఇక్కడ ఈ పొర పడుతున్నప్పుడు అక్కడ ఏ పొర పడుతోందో కళ్లతో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఆనవాలు పట్టడానికి గవ్వలు లేవు, ఎముకలు లేవు. అలాంటి జీవులు అప్పటికింకా పుట్టనే లేదు.

చెప్పగలిగేది రాతిలోని కర్బనం ఒక్కటే. సముద్రపు నీళ్లలో కర్బనం బరువుది, తేలికది అని రెండు రకాలుగా ఉంటుంది. ఏది ఎంత పాలు అన్నది కాలాన్ని బట్టి మారుతుంది గానీ, ఒక్కో కాలంలో సముద్రమంతటా ఒకటే. ఈ సంగతి డాక్టరమ్మకి ఎవరూ కూచోబెట్టి చెప్పలేదు. వినీ వినీ తనే ఒకలాగ అర్థం చేసుకుంది. ఒకే కుండలో నీళ్లు ఏ గ్లాసులో పోసినా రుచి ఒకటే, ఆ రుచి రాతిలో మిగిలిపోయింది, అంతే. ఏ మీటరు దగ్గర ఏ రుచో కొలిచి గీత గీసుకుని, ఒక చోటి గీతమీద ఇంకో చోటి గీత పెట్టి పైకీ కిందకీ జరిపితే ఎక్కడో అక్కడ అతుక్కోవాలి. అతుక్కున్నచోట రెండు చోట్ల రాళ్లూ ఒక ఈడువన్నమాట.

ఈ రెండు గీతలూ అతుక్కోవడం లేదు.

"లోయ ఏదమ్మా?" అన్నారు పెద్దసారు. "నాకు లోయ కనబడాలి."

క్వారీ గీత మధ్యలో ఏడు చుక్కలు ఉన్నట్టుండి ఎడమ పక్కకి పడిపోయి మళ్లీ లేస్తాయి. అదే లోయ. పుస్తకాల్లో అది పెద్దసారు పేరుమీదే ఉంది. ఆ లోయని పట్టుకునే ఆయన చుట్టుపక్కల కొండలన్నిటికీ వయసులు కట్టారు. ఈ వేసవికి ఆయన రిటైరవుతారు. ఏటిబోరులో కూడా ఆ లోయ దొరికితే ఆ లెక్కకి ఇంక తిరుగుండదు.

"మూడొందల నలభై నమూనాలు చూశాం సార్," అంది కొత్తమ్మాయి. "ఎక్కడా లేదు. ఇంకో సంగతి సార్, మన క్వారీ లోయలో ఆ ఏడు చుక్కలకీ కర్బనంతోపాటే కొలిచిన ఆక్సిజన్ అంకెలు కూడా…"

"ఆక్సిజన్ సంగతి తరవాత. సముద్రం ఒకటేనా కాదా?"

"ఒకటే సార్."

"మరి అక్కడున్నది ఇక్కడెందుకు ఉండదు? పొడి ఎవరు తీశారు?"

"డాక్టరమ్మగారే సార్."

"రిజిస్టరు చూశాను. లోయ రావాల్సిన బోరురాళ్ల పెట్టెల దగ్గర రెండు రోజుల్లో ఎనభై నాలుగు తీసేసింది. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య ముల్లు సరిగ్గా కడిగి ఉండదు. పైదాని పొడి కిందదానికి, కిందదాని పొడి పైదానికి అంటుకుని గీత సాపైపోయింది."

'కాదు సార్' అని అమ్మాయి అంటుందని డాక్టరమ్మ గోడ ఇవతల చెవి ఒగ్గి కూచుంది. ఆ రెండు రోజులూ పక్కనే కూచుని సీసాలకి చీటీలు అంటించింది ఆ అమ్మాయే మరి. అమ్మాయి నోరు పెగల్లేదు.

గంట తరవాత పెద్దసారు ఒక కాగితం పట్టుకుని స్వయంగా వచ్చారు. ఆయన వచ్చేసరికి డాక్టరమ్మ డ్రిల్లు ఆపి, లేచి నిలబడింది.

"కూచో అమ్మా, కూచో. పెద్ద విషయం కాదు. దీనిమీద శుక్రవారానికి ఒక సంతకం కావాలి."

'ముల్లు శుభ్రపరచుటలో నా అజాగ్రత్త వలన ఏటిబోరు నమూనాలు కలుషితమైనవని అంగీకరించుచున్నాను' అని ఉంది కాగితం మీద. కింద చుక్కలు పెట్టి ఖాళీ వదిలారు.

"సార్, ముల్లు కడక్కుండా నేను ఏనాడూ…"

"ఏనాడూ అని ఎవరం చెప్పగలమమ్మా? మనుషులం. అమ్మాయి మళ్లీ మొదట్నుంచీ తీసుకుంటుంది, ఏడాది పోతే పోయింది. నువ్వు వచ్చేవారం నుంచి కింద స్టోరు చూసుకో. వంగి కూచునే పని తప్పుతుంది, నీ నడుముకీ మంచిదే."

కోప్పడి ఉంటే బావుండేదనిపించింది ఆవిడకి. కోప్పడితే జవాబు చెప్పొచ్చు. ఇంత మెత్తగా అంటే ఏం చెప్తుంది? కాగితం మడిచి జేబురుమాలు కింద పెట్టుకుని, డ్రిల్లు ఆన్ చేసింది. మొదటి గుంట వంకరపోయింది. ఆ పొడి పారేసి, ముల్లు మళ్లీ కడిగింది.

కడగడమంటే ఆవిడకి ఊరికే నీళ్లలో ముంచి తీయడం కాదు. ముందు పల్చటి యాసిడ్‌లో మూడు లెక్కపెట్టేదాకా ఉంచాలి. తరవాత శుద్ధమైన నీళ్లు, ఆ తరవాత స్పిరిటు. మెత్తటి కాగితంతో ఒక్కసారి తుడవాలి, తుడిచిన కాగితం ఇంక ముట్టుకోకూడదు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, భూతద్దం కింద మొన చూసుకోవాలి. ఇవన్నీ అయ్యాక రాతిపలకని తడిగుడ్డతో తుడిచి, తడిమీద ఉండగానే ఎక్కడ పెట్టాలో చూసుకుని, ఆరాక ముల్లు ఆనిస్తుంది. ఈ తడిగుడ్డ పద్ధతి ఎవరూ నేర్పలేదు. రంపంతో కోసిన సున్నపురాయి పొడిగా ఉన్నప్పుడు అంతా ఒకటే బూడిదరంగు, ఏది ఏదో ఏం తెలుస్తుంది? తడిపితే చాలు, అసలు రాయి నల్లగా దిగిపోతుంది, చారలు తెల్లగా బయటపడతాయి. ఆ తెల్ల చారలు సముద్రంలో పుట్టినవి కావు. తరవాత ఎప్పుడో రాయి పగిలితే, పగుళ్లలోకి ఏ వాన నీళ్లో దిగి గడ్డకట్టినవి. వాటి జోలికి పోకూడదు. పనిలో చేరిన నాలుగేళ్లకో అయిదేళ్లకో ఒకసారి నీళ్ల గ్లాసు చెయ్యి తగిలి పలకమీద ఒలికితే ఈ కిటుకు ఆవిడకి తెలిసింది. అప్పట్నుంచీ వదల్లేదు.

మధ్యాహ్నం సింకు దగ్గర గిన్నె కడుక్కుంటుంటే కొత్తమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నాకు నోరు రాలేదు."

"విన్నాను."

"నా థీసిస్ అంతా ఆయన చేతిలో ఉందక్కా."

"నా చేతిలో ఏముంది తల్లీ, డ్రిల్లేగా," అంది డాక్టరమ్మ గిన్నె బోర్లిస్తూ. "అది కూడా శుక్రవారం దాకానే."

అమ్మాయి తల వంచుకుంది. గొంతు తగ్గించింది. "ఒకటి చెప్పనా అక్కా? మన పొడిలో తప్పు లేదు. తప్పుంటే అంకెలు గజిబిజిగా రావాలి. ఇవి ఎంత బుద్ధిగా వచ్చాయో! నాకు అనుమానం ఆ పాత లోయమీదే. ఆ ఏడు చుక్కలకీ ఆక్సిజన్ పాతాళంలో ఉంది. సముద్రపు రాయిలో అలా ఉండదు. అప్పట్లో ఆ పొడి ఎవరు తీశారో తెలిస్తే…"

డాక్టరమ్మ గుడ్డతో చెయ్యి తుడుచుకుంది. తుడుచుకున్న చెయ్యే మళ్లీ తుడుచుకుంది.

"ఎప్పటి మాటో. నాకేం గుర్తు?" అంది.

గుర్తులేకేం. పంతొమ్మిదేళ్ల కిందట ఆ బల్ల దగ్గర కూచున్నది ఇంకెవరని?

*

ఇంటికి వెళ్లేసరికి వరండాలో మొగుడు ఒక కుర్చీని తలకిందులు చేసి కూచున్నాడు. ఆయన వడ్రంగి. ఆ ఇంట్లో గదులు ఊడిస్తే ఒక చేట కర్రపొట్టు, ఒక చిటికెడు రాతిపొడి వస్తాయి. "నీ పని పొదుపు" అని ఆయన ఏడిపిస్తూ ఉంటాడు.

సంగతంతా చెప్పింది. గుమ్మంలో కూచుని వింటున్న అత్తగారు ముందు అందుకుంది.

"అంటే ఏంటీ, సున్నపురాయిలో సున్నపురాయి కలిసిందని నీచేత సంతకం పెట్టిస్తారా? చోద్యం కాకపోతే! పాలల్లో పాలు కలిశాయని ఎవడైనా కేసు పెడతాడా?"

"అలా కాదు అత్తయ్యా, ఒక్కో రాయికి ఒక్కో…"

"నాకేం చెప్పకు. నువ్వు కంచం కూడా మూడుసార్లు కడిగే మనిషివి. ఆయన మా ఇంటికొచ్చి అన్నం తినమను, తెలుస్తుంది."

డాక్టరమ్మకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అత్తగారు తన పక్షాన మాట్లాడటం ఇదే మొదలు అనిపించింది, ఆ మాటా తిట్టినట్టే ఉన్నా సరే.

మొగుడు మాత్రం కుర్చీ కాలి కింద వేలు పెట్టి తడుముతున్నాడు.

"ఇది నేను చేసిందే," అన్నాడు చివరికి. "ఎవరో పాతసామాన్ల కొట్లో కొని బాగుచెయ్యమని తెచ్చారు. వాళ్లకీ తెలీదు."

"మీకెలా తెలుసు? పేరేమైనా ఉందా?"

"పేరెందుకు? ఇదిగో, ఉలి జారింది చూడు, ఎడమకి. పని నేర్చుకునే రోజుల్లో నాకు ఎప్పుడూ ఎడమకే జారేది. నా చెయ్యి నాకు తెలీదా ఏంటి?"

డాక్టరమ్మ ఆ గీత మీద తనూ వేలు పెట్టి చూసింది. ఆ తరవాత అన్నం తిన్నంతసేపూ ఎవరేం మాట్లాడినా ఆవిడకి వినబడలేదు.

*

బుధవారం స్టోరు తాళం అడిగి తీసుకుంది. "వచ్చేవారం ఎలాగూ నాదేగా, చూసి పెట్టుకుంటాను" అంటే ఎవరు కాదంటారు?

స్టోరు భవనం కిందిభాగంలో, సగం నేలలోపల ఉంటుంది. గోడ వెంబడి ఇనుప అరలు, అరల్లో చెక్క ట్రేలు, ట్రేల్లో రాతిపలకలు. క్వారీ కొండవి అన్నిటికన్నా లోపలి అరలో, విరిగిన బల్లల వెనకాల ఉన్నాయి. బల్లలు జరపడానికే పూటంతా పట్టింది. ఒక్కో ట్రే ఎత్తి కిందపెట్టేసరికి నడుము కలుక్కుమంది. సారుగారు స్టోరులో నడుముకి హాయి అన్నారు కదా, ఒకసారి ఆయనే వచ్చి ఎత్తి చూస్తే బావుండు అనుకుంది.

పలక వెనక తెల్లరంగుతో మీటరు అంకె రాసి ఉంటుంది. లోయ ఉన్నది నలభై ఒకటో మీటరు నుంచి నలభై నాలుగు దాకా. ఏడు పలకలు. గురువారం పొద్దున్నకి ఏడూ దొరికాయి. కిటికీ కింద వెలుతురులో వరసగా పేర్చింది.

గుంటలు అలాగే ఉన్నాయి. రాతికి మానడం ఎక్కడుంది? ప్రతి గుంటా ఒకవైపు లోతు, ఒకవైపు మెరక. మొదటి నెలల్లో ఆవిడ డ్రిల్లుని కలం పట్టుకున్నట్టు వాలుగా పట్టుకునేది. నిటారుగా పట్టుకోవడం తరవాత వచ్చింది. సంతకం చూసుకున్నట్టే ఉంది.

తడిగుడ్డ తీసి మొదటి పలకని తుడిచింది.

రాయి నల్లబడింది. నల్లటి రాతి మధ్యలోంచి వేలి మందాన తెల్ల చార ఒకటి మెరుస్తూ లేచింది. గుంట సరిగ్గా ఆ చార నడుమ ఉంది.

రెండోది తుడిచింది, చార నడుమే. మూడోదీ అంతే. ఏడోదాకా తుడిచింది, అన్నిటికీ అంతే. ముందొచ్చింది సంతోషం. దొరికింది! లోయ లేదు, సముద్రంలో అలాంటిదేమీ జరగలేదు, ఎప్పటివో వాన నీళ్ల రుచి అది. అమ్మాయి గీత నిఖార్సైనది, తన చెయ్యీ శుభ్రమైనదే. ఇప్పుడే మెట్లెక్కి పైకెళ్లి ఈ ఏడు పలకలూ ఆయన బల్లమీద పెడితే సరి.

ఆ వెనకే భయం. పెడితే ఏమని పెడుతుంది? ఇప్పుడు నేను తప్పు చెయ్యలేదు సార్, అప్పుడు చేశాను, ఇవిగో నా గుంటలు అనా? పాత రిజిస్టరు తీస్తే 'పొడి తీసినవారు' అన్న చోట ఏడు వరసల్లోనూ తన సంతకమే ఉంటుంది. లేని తప్పుకి ఒక సంతకం అడుగుతుంటే, ఉన్న తప్పుకి ఏడు సంతకాలు తనే తీసుకెళ్లి చేతిలో పెట్టాలి. నోరు మూసుకుంటే స్టోరుతో పోతుంది. నోరు విప్పితే దేనితో పోతుందో?

చతికిలబడి కాసేపు అలాగే కూచుంది. తడి ఆరి, చారలు మళ్లీ బూడిదరంగులో కలిసిపోతున్నాయి. అప్పుడు కనబడ్డాయి, గుంట చుట్టూ పెన్సిలు గుండ్రాలు. తడిగుడ్డకి చెరగలేదు గానీ, చాలా పల్చన. ప్రతి గుండ్రానికీ చివర ఒక చిన్న తోక, కింద కుడిపక్కకి.

పెద్దసారు అంకె తొమ్మిది రాసినా, సున్నా రాసినా అలాగే తోక వదుల్తారు. ఆ రోజుల్లో ఎక్కడ పొడి తియ్యాలో పెన్సిలుతో గుర్తు పెట్టిచ్చేది ఆయనే. ముళ్లు రెండే ఉండేవి, నల్లచోట పెడితే లోపలి చెకుముకి తగిలి పుటుక్కున విరిగేవి. 'పాలిపోయినట్టున్నచోట పెట్టమ్మా, మెత్తగా దిగుతుంది' అనేవారు. ఆయన గుర్తు పెట్టారు, ఈవిడ దించింది. పొడిరాయి మీద అది చారని ఇద్దరికీ తెలియలేదు.

పలకలన్నీ ట్రేలో సర్ది, పైన గుడ్డ కప్పి, ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మొగుడు అడిగాడు, "దొరికిందా చెయ్యి?" అని.

"రెండు చేతులు దొరికాయి," అంది.

*

శుక్రవారం పదకొండింటికి పెద్దసారు గది తలుపు తట్టింది. చేతుల్లో ట్రే, ట్రేలో ఏడు పలకలు, ఒక మూల నీళ్ల గిన్నె, తడిగుడ్డ. మడిచిన కాగితం గుడ్డ కింద ఉంది.

"సంతకం తెచ్చావా అమ్మా?"

"ముందు ఇవి ఒకసారి చూడండి సార్. క్వారీ కొండవి. నలభై ఒకటి నుంచి నలభై నాలుగు."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. ఆవిడ ఏమీ చెప్పకుండా ఒక్కో పలకా తుడిచి, వరసగా ఆయన ముందు పెట్టింది. ఏడూ పెట్టేసరికి బల్లమీద కాగితాలన్నీ పక్కకి పోయాయి. ఆయన మెడలో వేలాడే చిన్న భూతద్దం తీసి కంటికి ఆనించుకుని, మొదటి పలకమీదికి వంగారు. ఆ వంగడం వంగడం ఏడో పలక దాకా తల ఎత్తలేదు.

"ఆ గుంటలు నావే సార్," అంది డాక్టరమ్మ. "వాలుగా ఉన్నాయి చూడండి. కొత్తలో నేను అలాగే పెట్టేదాన్ని."

ఆయన విన్నారో లేదో. మళ్లీ మొదటి పలక దగ్గరికి వచ్చారు. చార వెంబడి గోరు పోనిచ్చారు. గుంట దగ్గర గోరు ఆగింది. తరవాత చాలాసేపు ఆ గుండ్రాన్నే చూశారు. చూసి చూసి, ఎడమచేత్తో సొరుగు లాగి, అందులోంచి రబ్బరు తీశారు.

ఏమనుకుని మొదలుపెట్టారో ఆయనకే తెలియాలి. బహుశా ఏమీ అనుకోలేదేమో కూడా. రాయి గరుకు, రబ్బరు పొట్టుపొట్టుగా రాలుతోంది. తోక ముందు పోయింది, ఆ తరవాత గుండ్రం. మొదటి పలకమీద ఇంక మిగిలింది గుంట ఒక్కటే.

డాక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. గుండ్రం పోతే ఆ గుంట ఇంక తనొక్కదానిదే. ఆయన ముఖం చూస్తే జాలి కూడా వేసింది, జాలి వేసినందుకు తనమీద ఇంకా కోపం వచ్చింది. ఆయన రెండో పలకని దగ్గరికి లాక్కున్నారు.

"సార్, గుండ్రం పోతుంది. గుంట పోదు."

రబ్బరు ఆగింది.

"మీరు పెట్టమన్నచోట పెట్టాను. పెట్టమన్నది మీరే అని చెప్పడానికి రాలేదు. చార మీకూ కనబళ్లేదు, నాకూ కనబళ్లేదు. ఇద్దరం కలిసే పప్పులో కాలేశాం. కాళ్లు కడుక్కోమని నన్నొక్కదాన్నే పంపిస్తే ఎలా సార్?"

పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఆయన ఎదుట అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు. మాట్లాడాక ట్రే అంచు పట్టుకుంది.

"ఇంకెవరైనా చూశారా ఇవి?" అన్నారు పెద్దసారు.

"లేదు సార్. రిజిస్టరులో ఉన్నది నా పేరేగా. ఎవరికి చూపించినా ముందు పోయేది నా పరువే."

ఆయన రబ్బరు కింద పెట్టారు. పలకమీద పొట్టు నోటితో ఊదారు. జేబులోంచి పెన్సిలు తీసి, మొన చూసుకుని, మొదటి పలకని దగ్గరికి లాక్కుని, గుంట చుట్టూ మళ్లీ గుండ్రం గీశారు. మొదలూ చివరా కలవలేదు. తోక మాత్రం ఎప్పట్లాగే వచ్చింది, కింద కుడిపక్కకి.

"ఏడూ ఉన్నాయిగా?" అన్నారు.

"ఉన్నాయి సార్."

"మళ్లీ తియ్యి పొడి. నల్లచోట."

"గుర్తు పెట్టిస్తారా?"

ఆయన పెన్సిలు ఆవిడకి ఇచ్చారు. "నువ్వే పెట్టుకో. నీకు కనబడుతుంది."

ఆవిడ పెన్సిలు తీసుకుని, తడిగుడ్డ కింద నుంచి కాగితం బయటికి లాగింది. ఒక మూల తడిసింది. "మరి ఇది సార్?"

పెద్దసారు ఆ కాగితాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. చుక్కల దగ్గర ఖాళీగానే ఉంది. "పొడి పట్టడానికేమైనా పనికొస్తుందేమో చూడు," అన్నారు, ముఖం ఇటు తిప్పకుండా.

"పనికిరాదు సార్. కాగితం మీది సిరా పొడికి అంటుకుంటుంది. అజాగ్రత్త అవుతుంది."

ఆయన అటు తిరిగే ఉన్నారు గానీ, భుజాలు కదిలాయి. నవ్వారో మరేమిటో ఆవిడకి తెలియలేదు. కాగితం బల్లమీదే వదిలేసి ట్రే ఎత్తుకుంది.

*

ఏడు పలకలకీ పాత గుంట పక్కనే, నల్లటి రాతిలో, నిటారుగా కొత్త గుంట పెట్టింది. మధ్యాహ్నం దాటేసరికి ఏడు సీసాలు కొలిచే మిషను గదికి చేరాయి. అంకెలు సోమవారం వచ్చాయి. ఏడింటిలో ఒక్కటీ ఎడమకి పడలేదు.

మంగళవారం పెద్దసారు ఇద్దర్నీ కిటికీ దగ్గరికి పిలిచారు. డాక్టరమ్మ పక్కగదిలో పంతొమ్మిదేళ్లు పనిచేసింది గానీ, ఆ కిటికీ దగ్గరికి రమ్మని ఎవరూ పిలవలేదు. గుమ్మంలోనే నిలబడితే కొత్తమ్మాయి వచ్చి మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

పెద్దసారు తన పాత ట్రేసింగ్ కాగితం బల్లమీద పరిచి, రబ్బరు అందుకున్నారు. ఈసారి తొందరపడలేదు. మొదటి చుక్క చెరిపారు, పొట్టు ఊదారు. రెండోది చెరిపారు. అయిదో చుక్క దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ఏడోదీ చెరిపాక లోయ ఉన్నచోట కాగితం మసకబారింది. ఆ మసకమీద కొత్త ఏడు చుక్కలూ పెట్టి కలిపితే గీత తిన్నగా వెళ్లిపోయింది. కొత్తమ్మాయికి ఏడుపొచ్చింది. సంతోషించాల్సింది తనేనని తెలిసీ ఏడ్చింది.

"నీ గీత సరిగ్గానే ఉందమ్మా," అన్నారు ఆయన ఆ అమ్మాయితో. "సోమవారంనాడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

రెండు కాగితాలూ అద్దానికి ఆనించారు. వెనకనుంచి ఎండ పడి రెండు గీతలూ నల్లగా కనబడ్డాయి. లోయ చోటు దగ్గర పెడితే ఏదీ దేనికీ పొంతన లేదు. పట్టుకోడానికి ఇంక అక్కడ ఏమీ లేదు మరి. ఆయన చేతులు అలాగే ఆగిపోయాయి. ఎటు జరపాలో ఆయనకి నిజంగానే తోచలేదు.

డాక్టరమ్మ ఏటిబోరు గీతవైపు చూస్తోంది. ఆ గీతలో ప్రతి చుక్కా ఆవిడ చేత్తో తీసిన పొడే. పైన ఒకచోట పన్నెండు చుక్కలు కుడిపక్కకి మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గుతాయి. అది తీసిన రోజు గుర్తుంది, రాయి చాలా మెత్తగా తెగింది. క్వారీ రాతిలో కూడా అలా మెత్తగా తెగినచోటు ఒకటి ఉండేది. లోయ దగ్గర కాదు, దానికి బాగా పైన.

"ఏటిబోరు కాగితం కాస్త పైకి సార్," అంది.

ఆయన జరిపారు.

"ఇంకా."

"ఇంకానా?"

"ఇంకొంచెం… ఇంకొంచెం… ఆగండి."

ఉబ్బు మీద ఉబ్బు కూచుంది. దాని కింద ఉన్న మూడు చిన్న మెలికలు కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చి కూచున్నాయి. కాగితం ఎన్ని మీటర్లు జరిగిందో కొత్తమ్మాయి వేళ్లతో లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. అంటే పుస్తకాల్లో ఉన్నదానికీ దీనికీ ఎన్ని లక్షల ఏళ్ల తేడానో.

"టేపు," అన్నారు పెద్దసారు. ఆయన రెండు చేతులూ అద్దానికి అదిమి ఉన్నాయి. "కదిల్తే పోతుంది. నువ్వే అంటించమ్మా."

డాక్టరమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని, నాలుగు మూలలా టేపు అంటించింది.

ఆ మధ్యాహ్నం డ్రిల్లు గది తలుపు దగ్గర పెద్దసారు ఒక రాతిపలక పట్టుకుని నిలబడ్డారు. దానిమీద పెన్సిలు గుర్తేమీ లేదు. లోపల డ్రిల్లు గుయ్యిమంటోంది. డాక్టరమ్మ తల ఎత్తి ఆయన్ని చూసింది. గుంట సగంలో ఉంది, మధ్యలో ఆపితే పొడి పాడవుతుంది. ఒక్క నిమిషం అన్నట్టు ఎడమచేతి వేలు ఎత్తి చూపించి, మళ్లీ తల వంచుకుంది. ఆయన గుమ్మం బయటే ఆగారు.